వంటగదే ప్రయోగశాల: కమిల్లో గాల్జీ

బై.పి.సి. చదివినవాళ్ళంతా కణం బొమ్మ గీసి, దొంతరగా పేర్చిన అట్ల లాంటి గీతల పక్కన 'గాల్జీ సంక్లిష్టం' అని రాసే ఉంటారు. గాల్జీ అనేది ఒక మనిషి పేరని మాత్రం చాలామందికి తెలియదు.

కమిల్లో గాల్జీ 1843 జూలై 7న ఉత్తర ఇటలీలోని కోర్తెనో అనే కొండ గ్రామంలో జన్మించారు. తండ్రి వైద్యుడు. గాల్జీ కూడా పావియా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1865లో పట్టా పొందారు. పరిశోధన అంటే ఆయనకు ప్రాణం. కానీ 1872లో అబ్బియాతెగ్రాసో అనే చిన్న పట్టణంలో దీర్ఘరోగుల ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్ళారు. అక్కడ ప్రయోగశాల లేదు. ఆయన దిగులుపడి కూర్చోలేదు. ఒక వంటగదినే ప్రయోగశాలగా మార్చుకున్నారు. పగలు రోగులు, రాత్రి సూక్ష్మదర్శిని.

ఆ రోజుల్లో మెదడు ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే అంతా చిక్కుపడి ఏది ఏదో తెలిసేది కాదు. గాల్జీ ఆ ముక్కను పొటాషియం డైక్రోమేట్‌తో గట్టిపరచి, తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో ఉంచారు. కొన్ని నాడీకణాలు మాత్రమే, కొమ్మలతో సహా, నల్లగా స్పష్టంగా కనిపించాయి. ఈ పద్ధతిని ఆయన 1873లో ప్రకటించారు.

తర్వాత పావియాలో ఆచార్యులుగా పనిచేస్తూ, 1898లో గుడ్లగూబ చిన్నమెదడు కణాల్లో వల లాంటి ఒక నిర్మాణాన్ని చూశారు. చాలామంది నమ్మలేదు. రసాయనాల వల్ల ఏర్పడిన మరక అన్నారు. 1926 జనవరి 21న ఆయన కన్నుమూసే నాటికీ ఆ వాదన తేలలేదు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశాక అది నిజమని రుజువైంది.

గాల్జీ సంక్లిష్టం కణానికి బస్టాండులోని పార్శిల్ ఆఫీసు లాంటిది. అంతర్జీవద్రవ్య జాలంలో తయారైన ప్రోటీన్లు చిన్న తిత్తుల్లో ఇక్కడికి చేరతాయి. ఇక్కడ వాటికి చక్కెర అణువులు చేరుతాయి, మార్పులు జరుగుతాయి, ఎటు వెళ్ళాలో నిర్ణయమవుతుంది. మళ్ళీ తిత్తుల్లోకెక్కి కణం లోపలి భాగాలకో, కణత్వచానికో, బయటికో వెళతాయి. మన ఒంట్లో ఇన్సులిన్ బయటపడేది ఈ దారిలోనే. ఈ తిత్తుల రవాణా గుట్టు విప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2013లో నోబెల్ బహుమతి లభించింది. కొన్ని తిత్తులైతే కణం దాటి బయటికొచ్చి, పక్క కణాలకు కూడా సరుకు అందిస్తాయి.

ఇంతటి మనిషీ ఒకచోట పొరబడ్డారు. నాడీకణాలన్నీ కలిసిపోయిన ఒకే వల అని నమ్మారు. స్పెయిన్ శాస్త్రవేత్త కాహాల్, గాల్జీ పద్ధతినే వాడి, ఏ కణానికి ఆ కణం విడి అని చూపించారు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ వేదిక మీద కూడా గాల్జీ తన మాట వదల్లేదు. కానీ కాలం కాహాల్ పక్షానే నిలిచింది.

మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి నేను. గాల్జీలాగా మనకు డాక్టరైన తండ్రి లేకపోవచ్చు. అయినా ఆయన నుంచి రెండు సంగతులు నేర్చుకోవచ్చు. సౌకర్యాలు లేవని పని ఆపకూడదు. రుజువు ఎదురైతే పట్టుదల కాదు, సత్యం గెలవాలి. కోర్తెనో గ్రామం పేరు నేడు కోర్తెనో గాల్జీ. ఊరి పేరు చెప్పుకుని పెరిగే మనం, ఊరే మన పేరు చెప్పుకునేలా ఎదుగుదాం!