దోషమూలాన్ని వెదకిన క్రీడాకారుడు – బెన్ హోగన్

అభ్యాసము కూసు విద్య అన్నది మన సామెత. అయితే తప్పుగా చేసిన అభ్యాసం తప్పునే గట్టిపరుస్తుందన్న సత్యాన్ని మనం తరచుగా విస్మరిస్తుంటాము. ఆ సత్యాన్ని అనుభవపూర్వకంగా గ్రహించి, తన లోపాన్ని తానే శోధించి, సవరించుకొని, విశ్వవిఖ్యాతి నార్జించినవాడు అమెరికా దేశపు గోల్ఫ్ క్రీడాకారుడు బెన్ హోగన్.

హోగన్ 1912 ఆగస్టు 13వ తేదీన టెక్సాస్ రాష్ట్రంలో ఒక కమ్మరి ఇంట జన్మించాడు. 1922లో తండ్రి ఆత్మహత్య చేసుకొనగా, కుటుంబం దారిద్ర్యం పాలయింది. పసితనంలోనే వార్తాపత్రికలు అమ్మాడు. తరువాత ఫోర్ట్‌వర్త్ నగరంలోని గ్లెన్ గార్డెన్ క్లబ్‌లో క్యాడీగా చేరి, సంపన్నుల ఆట సామగ్రిని భుజాన మోస్తూ, వారి ఆటను కన్నులారా చూచి నేర్చుకొన్నాడు. పదునేడేండ్ల ప్రాయంలో, 1930లో, ఆటనే వృత్తిగా స్వీకరించాడు.

కాని వృత్తి అతనిని వెంటనే ఆదరించలేదు. ఒకటికి రెండుసార్లు చేతిలో డబ్బు లేక పోటీలు విడిచి ఇల్లు చేరవలసివచ్చింది. అతని శ్రమలో లోపమా అంటే, అంతటి శ్రమజీవి ఆ రోజులలో మరొకడు లేడు. లోపమంతా అతని దెబ్బలో ఉన్నది. కొట్టిన బంతి గాలిలో ఎడమవైపునకు తీవ్రంగా వంగిపోయేది. దీనినే హుక్ అంటారు.

ఈ వంపు ఎందుకు కలుగుతుందో మనం కొంచెం తెలుసుకోవాలి. బంతిని తాకే క్షణంలో రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, క్లబ్ పయనించే దారి. రెండవది, క్లబ్ ముఖం చూచే దిక్కు. బంతి చాలావరకు ముఖం చూచే దిక్కుగానే బయలుదేరుతుంది. ముఖానికీ దారికీ గల తేడాను బట్టి అటో యిటో వంగుతుంది. కుడిచేతివాటపు ఆటగాని క్లబ్ లోపలినుండి వెలుపలికి సాగుతుండగా, ఆ దారికంటె ముఖం ఎడమకు మూసుకొని ఉంటే హుక్. క్లబ్ వెలుపలినుండి లోపలికి వస్తుండగా, ఆ దారికంటె ముఖం కుడికి తెరచుకొని ఉంటే బంతి కుడికి వంగుతుంది, అది స్లైస్. నేడు ఈ సంగతులను యంత్రాలు కొలిచి చెబుతున్నాయి. హోగన్‌కు అట్టి సాధనాలు లేవు. బంతి గమనమే అతనికి గురువు.

బంతి ఎడమకు పోతున్నది గనుక కుడివైపునకు గురిపెట్టి సరిపెట్టుకొనడం సులభమైన మార్గం. కాని దానివలన దోషం దాగుతుందే గాని తొలగదు. హోగన్ మూలాన్ని వెదకాడు. ఎడమచేతి పట్టును కొంచెం ఎడమకు జరిపి, బొటనవ్రేలు క్లబ్ కాడపై నిలువుగా ఆనేటట్లు పట్టుకొన్నాడు. క్లబ్‌ను వెనుకకు పూర్తిగా ఎత్తినప్పుడు ఎడమ మణికట్టును చేతి వెనుకవైపునకు స్వల్పంగా వంచాడు. ఈ రెండింటివలన క్లబ్ ముఖం తెరచుకొని, ఎంత బలంగా కొట్టినా సకాలంలో ఎడమకు మూసుకొనజాలకపోయింది. ఈ కిటుకును తాను 1946లో కనుగొన్నట్లు 1955లో లైఫ్ పత్రిక ద్వారా లోకానికి వెల్లడించాడు.

1940లో పైన్‌హర్స్ట్‌లో వ్యక్తిగతంగా తొలి విజయం లభించింది. 1946లో పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్, 1948లో యు.ఎస్. ఓపెన్ అతని వశమయ్యాయి. అంతలో విధి వక్రించింది. 1949 ఫిబ్రవరి 2వ తేదీన పొగమంచులో ఎదురుగా వచ్చిన బస్సు అతని కారును ఢీకొన్నది. భార్య వాలరీని కాపాడడానికి ఆమెకు అడ్డుగా ఒరిగి ప్రాణాలు దక్కించుకొన్నాడు గాని, కటి ఎముకలు, మెడ క్రింది ఎముక, చీలమండ విరిగిపోయాయి. మరల నడవగలడా అన్నదే సందేహమైంది. అట్టివాడు పదహారు నెలలకే మెరియన్ మైదానంలో, చివరిరోజున 36 హోల్స్ నడచి ఆడి, మరునాటి 18 హోల్స్ నిర్ణాయక పోటీలో ఇద్దరిని ఓడించి యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. 1953లో మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్, స్కాట్లండులోని కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్ – మూడింటిని ఒకే ఏట సాధించాడు. మొత్తం మీద తొమ్మిది ప్రధాన పోటీలు అతని ఖాతాలో చేరాయి.

1957లో హెర్బర్ట్ వారెన్ విండ్ సహకారంతో రచించిన ఫైవ్ లెసన్స్ అనే గ్రంథంలో సామాన్య క్రీడాకారునికి తన విద్యను పంచిపెట్టాడు. బంతినుండి భుజాల మీదుగా వాలుగా నిలిపిన గాజు పలకను ఊహించుకొని, క్లబ్‌ను వెనుకకు ఎత్తేటప్పుడు చేతులు దానిని పగులగొట్టకుండా క్రిందుగానే కదలాలని బోధించాడు. క్రిందికి వచ్చే కదలికను భుజాలతో గాక నడుముతో ఆరంభించాలన్నాడు. భుజాలు ముందుగా తిరిగితే క్లబ్ వెలుపలినుండి లోపలికి కోసుకొని వస్తుంది. స్లైస్ బాధితులలో అనేకుల దోషం ఇదే. ఇక్కడ మనం జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఒకటున్నది. హోగన్ తన హుక్‌కు వాడిన మందు స్లైస్ ఉన్నవానికి వాడితే రోగం ముదురుతుంది. అందుచేత ముందు నిదానం, పిమ్మటనే చికిత్స.

1997 జూలై 25వ తేదీన హోగన్ పరమపదించాడు. అతని విజయాలను అనుకరించడం అందరికీ సాధ్యం కాదు. కాని అతని పద్ధతి విద్యార్థులమైన మన కందరికీ అందుబాటులోనే ఉన్నది. లెక్కలో గాని, భాషలో గాని, ఒకే తప్పు మరల మరల దొర్లుతున్నపుడు మరి వంద లెక్కలు చేసినందున ప్రయోజనం లేదు. తప్పు ఏ మెట్టులో పుట్టుచున్నదో చూచి, అక్కడినుండి సాధన మొదలుపెట్టుటయే వివేకము.