వైమానిక వీరుడు కరుణ్ కృష్ణ మజుందారు

సాహసమునకును ధైర్యమునకును భేదము కలదని మేము పాఠశాలలో బాలురకు చెప్పుచుండెడివారము. ముందువెనుకలు చూడక తెగించుట సాహసము. అపాయమును చక్కగా నెఱిగియు కర్తవ్యమును విడువకుండుట ధైర్యము. ఈ రెండవ గుణమునకు నిదర్శనముగా కరుణ్ కృష్ణ మజుందారు చరిత్రమును కులసోదరులకును, పోషకమహాశయులకును విన్నవించుచున్నాము.

ఈయన 1913 సెప్టెంబరు 6వ తేదీన కలకత్తాలో జన్మించెను. 1885లో కాంగ్రెసు ప్రథమ మహాసభకు అధ్యక్షత వహించిన ఉమేశచంద్ర బెనర్జీ ఈయనకు మాతామహుడు. ఇంగ్లండులోని క్రాన్వెల్ కళాశాలలో విమానవిద్య నభ్యసించి, భారత వైమానికదళమున ప్రవేశించెను. భారీ విగ్రహమగుటచే మిత్రులు జంబో యని పిలిచెడివారు. 1941లో ఒకటవ స్క్వాడ్రనునకు నాయకుడయ్యెను.

ఆ దళమునకు గల లైసాండరు విమానములు పదాతిసైన్యమునకు తోడ్పడుటకును, శత్రువుల యునికిని కనిపెట్టుటకును నిర్మింపబడినవి. అవి మందగమనములు. జపాను యుద్ధవిమానము లెదురైనచో తప్పించుకొనుట దుర్లభము. 1942 ఫిబ్రవరి మొదట ఈ దళము బర్మాలోని టౌంగూ చేరినంతనే జపానువారు ఆ విమానాశ్రయముపై బాంబులు కురిపించిరి. క్రొత్తచోట తొలిదెబ్బ తిన్న యువకుల మనస్సు క్రుంగుట సహజము. మజుందారు ఇతరుల నాజ్ఞాపించి తాను వెనుక నిలువలేదు. తన విమానమునకు రెండు బాంబులు కట్టించి, రెండు బఫెలో యుద్ధవిమానములు రక్షణగా రాగా, థాయిలాండులోని మేహాంగ్‌సాన్ విమానాశ్రయమునకు పోయెను. అచ్చట తక్కువ యెత్తునకు దిగి, శత్రువుల విమానశాలపై బాంబులు వేసి, క్షేమముగా మరలివచ్చెను. మఱునాడు దళమంతయు ఆయన వెంట ఆ చోటికే పోయి బాంబులు వేసెను.

ఆ సంవత్సరమే ఆయనకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకము లభించెను. 1944లో ఐరోపాకు పోయి, నార్మండీ రణరంగముపై నెగురుచు శత్రుస్థానములను పరిశీలించి, ఆ పతకమునే రెండవమారు పొందెను. ఆ యుద్ధమున భారత వైమానికదళములో ఇట్టి గౌరవము మఱియొకరికి దక్కలేదు. 1945 ఫిబ్రవరి 17వ తేదీన లాహోరులో విమానము కూలి, ముప్పదియొక్క యేండ్ల ప్రాయమున వీరుడస్తమించెను.

పతకములకంటె ఆ మఱునాటి సంగతియే మాకు ముఖ్యముగా తోచుచున్నది. మొదటి దినమున నాయకుడు పోయి రాకున్నచో, రెండవ దినమున తక్కినవా రంత నిబ్బరముగా బయలుదేరి యుందురా? మనలో పెద్దలనిపించుకొనువారు ఏ సత్కార్యమునకైనను తాము ముందడుగు వేసిన పిమ్మటనే పిల్లలను రమ్మని పిలుతురుగాక!