ఫ్లారెన్సు నైటింగేలు

మన పాఠ్యపుస్తకములయందు ఈమె చేత దీపము పట్టుకొని నిలిచియుండును. ఆ చేతనే మరణముల పట్టికలు కూడ తయారైనవని బాలబాలికలలో కొందఱే యెఱుగుదురు.

ఈమె 1820వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీయందలి ఫ్లారెన్సు నగరమున ఆంగ్ల దంపతులకు జన్మించెను. ఆ నగరము పేరే పెట్టిరి. తండ్రి ఇంటివద్దనే విద్య నేర్పెను. గణితమనిన ఈమెకు మిక్కిలి ప్రీతి. 1837లో దేవుడు తన్ను సేవకు పిలిచెనని నమ్మెను. రోగుల పరిచర్య గౌరవకుటుంబపు కన్యకు తగదని తలిదండ్రులు చాలకాలము అడ్డుపెట్టిరి.

క్రిమియా యుద్ధకాలమున, 1854 నవంబరులో, 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి ఆసుపత్రి చేరెను. రాత్రింబగళ్లు పరిచర్య చేసినను ఆ చలికాలమున మరణములు పెరుగుచునే యుండెను. 1855 మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘమువారు మురుగుకాలువలు బాగుచేయించి, గదులకు గాలి వచ్చునట్లు చేసిన పిమ్మట అవి తగ్గినవి.

స్వదేశము చేరి, విలియం ఫార్ అను గణాంక శాస్త్రజ్ఞుని సాయమున, సైన్యములోని మరణములను నెలలవారీగాను కారణములవారీగాను పట్టికలో కూర్చెను. అందు రెండు నెలలు చూతము. 1854 డిసెంబరులో నివారింపదగిన అంటువ్యాధులచే 1,725, గాయములచే 114, ఇతర కారణములచే 131 మంది మరణించిరి. మరుసటి జనవరిలో అవి వరుసగా 2,761, 83, 324. అడ్డముగా కూడి కుడియంచున వ్రాసిన 1,970, 3,168 వచ్చును. ఏ నెల ఘోరమో ఇది చెప్పును. నిలువుగా కూడి అడుగంచున వ్రాసిన 4,486, 197, 455 వచ్చును. ఏ కారణము ఘోరమో ఇది చెప్పును. ఏ యంచును కూడినను మూలన 5,138 రావలెను. రానిచో ఎక్కడనో తప్పున్నది. (ఈ అంచులను వ్రాయక వదలు నా విద్యార్థులు దీనిని రెండుమార్లు చదువుదురు గాక!) నేడు కంప్యూటరు ఒక్క ఆజ్ఞతో ఈ పని చేసిపెట్టును, అయినను ఏ దిక్కున కూడవలెనో మనమే చెప్పవలెను.

శత్రువుల గుండ్లకంటె రోగములే సైన్యమును చంపినవని ఆ అడుగంచు చూపెను. వట్టి అంకెలు పెద్దల కన్నుల కెక్కవని తలచి, ఈమె వానిని రంగుల చక్రములుగా 1858లో అచ్చువేయించెను. ఆ యేటనే లండను గణాంక సంఘమున తొలి స్త్రీ సభ్యురాలయ్యెను.

భారతదేశమున కెన్నడును రాకపోయినను, ఇచ్చటి క్షామములను గూర్చి వ్రాయుచు, ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన కాటను దొరగారి కాలువల వాదమును బలపరచెను. వాడపల్లి గోదావరి గట్టున నడచు మనకు కాటను పేరు క్రొత్తది కాదు.

1910 ఆగస్టు 13న లండనులో మరణించెను. వెస్ట్‌మినిస్టరు ఆలయమున సమాధి చేయుదుమనగా బంధువులు, ఆమె కోరిక ననుసరించి, వలదని ఈస్టు వెల్లో గ్రామమున పాతిపెట్టిరి. ఆ రాతిపై పూర్తి పేరు లేదు. రెండు పొడి యక్షరములును, జనన మరణ తేదీలును మాత్రమే యున్నవి.