చుక్కల వెలుగునకు కొలత నిచ్చిన పోగ్సన్ దొరగారు



మన భీమవరం ప్రాంతమున ధాన్యము కొలుచునపుడు పెద్దలు మొదట కుంచమును చూచెడివారు. కుంచము తప్పైనచో కొలత యంతయు తప్పే గదా! ఆకాశమందలి చుక్కల వెలుగును కొలుచుటకు సరియైన కుంచమును లోకమునకిచ్చిన నార్మన్ రాబర్ట్ పోగ్సన్ దొరగారి జీవితమును ఈ నెల మీ యెదుట నుంచుచున్నాము.

వారు 1829లో ఇంగ్లండు దేశమందలి నాటింగ్‌హామ్ పట్టణమున జన్మించిరి. యౌవనమున ఆక్స్‌ఫర్డు నగరములోని రాడ్‌క్లిఫ్ నక్షత్రశాలలో సహాయకులుగా పనిచేసిరి. పూర్వము గ్రీకు పండితులు కంటికి కనబడు చుక్కలను ఆరు తరగతులుగా విభజించిరి. మిక్కిలి ప్రకాశించునవి మొదటి తరగతి. కంటికి ఆనీ ఆననివి ఆరవ తరగతి. అయితే తరగతికి తరగతికి ఎంత భేదమో ఎవరి అంచనా వారిదే. 1856లో పోగ్సన్ గారు దీనికొక లెక్క ఏర్పరచిరి. ఐదు తరగతుల భేదము వెలుగులో సరిగా 100 రెట్లు. కాబట్టి ఒక్కొక్క తరగతికి సుమారు 2.512 రెట్లు. ఒకచోట నూరు దీపములు, అంతే దూరమున మరియొకచోట ఒక్క దీపము వెలిగించినచో, ఆ రెంటికిని ఐదు తరగతుల భేదమన్నమాట.

1861లో వారు చెన్నపట్నపు నక్షత్రశాలకు అధిపతిగా వచ్చిరి. ఆ యేడు ఏప్రిల్ నెలలోనే ఒక చిన్న గ్రహమును కనుగొని దానికి ఆసియా అని పేరిడిరి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు మన పొరుగుననున్న బందరునకు వచ్చిరి. సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని విడదీసి చూడగా ప్రకాశమైన గీతలు కనబడెను. అందలి పసుపు గీత, అప్పటికి భూమిమీద ఎవరును ఎరుగని హీలియమ్ వాయువుదని తరువాత తేలెను.

వారి కుమార్తె ఐసిస్ 1873 నుండి తండ్రియొద్దనే సహాయకురాలుగా పనిచేసెను. 1886లో తండ్రి ఆమె పేరును లండను ఖగోళ సంఘమునకు ప్రతిపాదింపగా, స్త్రీ యగుటచే ఆమెను చేర్చుకొనలేదు. 1920లో గాని ఆమెకు ఆ సభ్యత్వము దొరకలేదు. అప్పటికి తండ్రి లేరు. ముప్పది సంవత్సరములు చెన్నపట్నముననే పాటుపడి, వారు 1891 జూన్‌లో అచటనే కన్నుమూసిరి. రాత్రులు మేలుకొని వ్రాసిన కొలతలలో అనేకములు అప్పటికి అచ్చు కాలేదు. ఇతరులు వాటిని తరువాత ప్రకటించిరి.

అయినను ఆ కుంచము నిలిచినది. చుక్కల అతినీలలోహిత కాంతిని గాలిలోని ఓజోను పొర అడ్డగించును; అందుచే దానిని అంతరిక్షమునుండియే చూడవలెను. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోటనుండి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహములోని దూరదర్శిని, ఇంచుమించు పూర్ణచంద్రుడంత ఆకాశభాగమును ఒక్కసారిగా ఆ కాంతిలో చూచునట్లు చేయబడినది. వెలుగు ముందే తెలిసిన తెల్లని మరుగుజ్జు నక్షత్రమును చూచి దాని కొలతను సరిచేసికొనిరి. ఆ వెలుగును లెక్కించినదియు పోగ్సన్ గారి తరగతులలోనే.

నక్షత్రముల మహిమలోని భేదమును పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయములో జ్ఞాపకము చేసెను. దానిని ఈ నెల కుటుంబ ప్రార్థనలో చదువుకొందము. మనవారిని కొలుచు కుంచమును, పొరుగువారిని కొలుచు కుంచమును మనయొద్ద ఒక్కటేనా? పోగ్సన్ గారు చుక్కలన్నిటికిని ఒకే కుంచము పెట్టిరి. మనము మనుష్యులకు రెండు పెట్టుట తగునా?