ఎక్కడ నలగాలో ముందే గీసిపెట్టిన మనిషి

మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటుంటారు, పాత అంబాసిడర్ అయితే ట్యాంకులా ఉండేదని, ఇప్పటి కార్లు వేలితో నొక్కినా సొట్ట పడతాయని. వింటే నిజమే అనిపిస్తుంది. గుద్దుకున్నాక కూడా చెక్కుచెదరని కారు మంచి కారు, ముందు భాగం రేకు డబ్బాలా నలిగిపోయేది చెత్త కారు. ఇదీ మన లెక్క. ఈ లెక్క తప్పని కాగితం మీద గీసి చూపించి, దానికి పేటెంట్ కూడా తీసుకున్న మనిషి పేరు బేలా బరేన్యీ. సీఎస్‌ఈ చదువుతూ కార్ల గురించి రాస్తున్నందుకు మెకానికల్ బ్రాంచి వాళ్లు నన్ను క్షమించాలి. కానీ ఈయన కథ ఒక బ్రాంచికి సరిపెట్టే కథ కాదు.

1907 మార్చి 1న వియన్నాకి దగ్గర్లోని హిర్టెన్‌బర్గ్‌లో పుట్టారు. అప్పటికది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం. అమ్మ వైపు వాళ్లకి తూటాల ఫ్యాక్టరీ ఉండేది, బాగా డబ్బున్న కుటుంబం. నాన్న సైన్యంలో ఆఫీసర్. కారు అంటే జనం ఆగి చూసే ఆ రోజుల్లోనే ఇంట్లో ఆస్ట్రో-డైమ్లర్ కారు ఉండేది, పిల్లాడికి కార్ల పిచ్చి అక్కడే పట్టుకుంది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. నాన్న అందులో చనిపోయారు. యుద్ధం అయిపోయేసరికి సామ్రాజ్యం లేదు, కొన్నాళ్లకి ఇంట్లో డబ్బూ లేదు. ఫీజు కట్టలేక ప్రైవేట్ స్కూలు మానేయాల్సి వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు పడుతుందా అని ఫోన్ చూసుకునే మనకి ఈ ఒక్క వాక్యం చాలు, మిగతాది అర్థమైపోతుంది.

ఎలాగోలా వియన్నాలో మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరారు. 1925లో, అంటే 18 ఏళ్లకి, మామూలు జనం కొనుక్కోగలిగే ఒక చిన్న కారు బొమ్మ గీశారు. ఇంజిన్ వెనక, నాలుగు సిలిండర్లు రెండేసి చొప్పున ఎదురెదురుగా పడుకోబెట్టి, చల్లబరచడానికి నీళ్లు కాకుండా గాలి. బీటిల్ కారు చూసినవాళ్లకి ఇది ఎక్కడో చూసినట్టే ఉంటుంది. ఫెర్డినాండ్ పోర్షే బీటిల్ తయారు చేసింది 1930లలో. యుద్ధం తర్వాత ఆ కారు ప్రపంచమంతా తిరుగుతుంటే బరేన్యీ పేరు ఎవరూ ఎత్తలేదు. ఆయన కోర్టుకి వెళ్లారు. ఆ కారు మూల ఆలోచనలో ఆయనకి భాగం ఉందని 1955లో కోర్టు ఒప్పుకుంది. నా మటుకు నాకు, గీయడం వేరు, లక్షల సంఖ్యలో నడిచే కారు చేయడం వేరు. పోర్షే టీమ్ పని చిన్నది కాదు. కానీ మన వయసులో గీసిన బొమ్మ కోసం ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఒక మనిషి కొట్లాడాడంటే, కావాల్సింది డబ్బు అయి ఉండదు.

చదువయ్యాక ఉద్యోగాలు నిలకడగా దొరకలేదు. ఒక కంపెనీ, ఇంకో కంపెనీ, మధ్యలో ఖాళీ. 1939లో డైమ్లర్-బెంజ్‌కి వెళ్తే మొదట వద్దన్నారు. మళ్లీ ప్రయత్నించి బోర్డు సభ్యుడు విల్‌హెల్మ్ హాస్పెల్ ముందు కూర్చున్నారు. మా కార్లు ఎలా ఉన్నాయని హాస్పెల్ అడిగితే ఏ అభ్యర్థి అయినా ఏం చెప్తాడు? ఈయన మాత్రం ఇరుసులు బాగాలేవు, స్టీరింగ్ బాగాలేదు, బాడీ బాగాలేదు అని ఒక్కొక్కటీ లెక్కపెట్టారట. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో మనం ఇలా చేస్తే గేటు దాకా కూడా రానివ్వరు. హాస్పెల్ మాత్రం ఈ మనిషి పదిహేను ఇరవై ఏళ్లు ముందుకి ఆలోచిస్తున్నాడని గుర్తించి ఉద్యోగం ఇచ్చారు. జిండెల్‌ఫింగెన్ ఫ్యాక్టరీలో కూర్చోబెట్టి, ఏం కనిపెడితే అది నేరుగా పేటెంట్ విభాగానికి పంపమన్నారు.

ఆ వెంటనే రెండో ప్రపంచ యుద్ధం. ఆ ఏళ్లలో డైమ్లర్-బెంజ్ ఫ్యాక్టరీల్లో వేల మందితో వెట్టి చాకిరీ చేయించారు. ఈ కథ చెప్పేటప్పుడు ఆ మాట దాచకూడదు.

అప్పట్లో కారు అంటే కింద నిచ్చెనలాంటి ఫ్రేమ్, దాని మీద బాడీ. ఫ్రేమ్ సన్నగా మధ్యలో ఉండేది. బాడీకి బయట, ముందు మడ్‌గార్డు నుంచి వెనక మడ్‌గార్డు దాకా కాలు పెట్టి ఎక్కే పలక ఉండేది, దాన్నే రన్నింగ్ బోర్డ్ అంటారు. పక్కనుంచి ఇంకో కారు వచ్చి కొడితే ఆ పలక ఆపేదేమీ లేదు, దాని లోపల కూడా అడ్డు పెద్దగా లేదు. 1941లో బరేన్యీ వేరే రకం నేల గీశారు. ఫ్రేమూ నేలా కలిసి ఒకే వెడల్పాటి పళ్లెంలా ఉంటాయి, అంచుల్లో బలమైన దూలాలు. కారు మెలిపడదు, చప్పుడు తగ్గుతుంది, పక్క దెబ్బకి అడ్డూ ఉంటుంది. 1953లో వచ్చిన మెర్సిడెస్ 180లో నేల, బాడీ కలిపి వెల్డ్ చేశారు, బాడీ కారు వెడల్పంతా పరుచుకుంది. బయటి రన్నింగ్ బోర్డ్ మాయమైంది. ఈ పలకని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

యుద్ధం ముగిసే రోజుల్లో ఆయన టెర్రాక్రూయిజర్ అని ఒక కారు ఊహించారు. మధ్యలో మనుషులు కూర్చునే గట్టి గది, ముందూ వెనకా వేరే ముక్కలు. ఆ కారు ఎప్పుడూ తయారవలేదు, ఆలోచన మాత్రం వదలలేదు. 1951 జనవరి 23న దాన్ని పేటెంట్‌కి పెట్టారు, నంబర్ 854157. మరుసటి ఏడాది వచ్చింది. చెప్పింది ఒక్కటే: మనుషులుండే గది బలంగా ఉండాలి, అక్కడ్నుంచి ముందుకీ వెనక్కీ పోయేకొద్దీ బలం తగ్గాలి, అంటే నలగాలి.

దీని వెనక లెక్క ఇంటర్ ఫిజిక్సే. గంటకి 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. గోడని గుద్ది 10 సెంటీమీటర్లలో ఆగితే లోపలి మనిషి మీద పడేది భూమ్యాకర్షణకి దాదాపు 100 రెట్లు. ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగితే 16 రెట్లు. అదే కారు, అదే గోడ, తేడా అంతా నలిగిన దూరంలో. రేకు నలగడానికి ఖర్చయిన శక్తి మన పక్కటెముకల దాకా రాదు. ట్యాంకులాంటి కారు చెక్కుచెదరదు నిజమే, ఆ దెబ్బ మొత్తం లోపలున్నవాళ్లకి పంచిపెడుతుంది.

1959లో తోక రెక్కల మెర్సిడెస్ అమ్మకానికి వచ్చింది, ఈ ఆలోచన మొత్తంగా అమలైన మొదటి కారు అదే. అదే ఏడాది సెప్టెంబర్ 10న జిండెల్‌ఫింగెన్‌లో కంపెనీ మొదటి క్రాష్ టెస్ట్ జరిగింది. మొదట్లో గ్లైడర్లని లాగే వించ్‌తో కారుని లాగి గుద్దించేవాళ్లు, తర్వాత కారు వెనక వేడి నీటి రాకెట్ కట్టారు. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ లేని రోజులు. కొత్త కారు తెచ్చి పగలగొట్టి చూడటమే డీబగ్గింగ్.

ఆయన ఇంకో ఆలోచన నాకు ఇంతకంటే నచ్చింది. పాత కార్లలో స్టీరింగ్ రాడ్ ముందు నుంచి డ్రైవర్ ఛాతీ దాకా నిటారుగా ఉండే ఇనుప కడ్డీ. ముందు భాగం నలిగితే అది బల్లెంలా వెనక్కి వచ్చి గుండెలో దిగేది. అంటే కారు సరిగ్గా నలిగినా ఒక్క కడ్డీ చాలు, మనిషి పోవడానికి. బరేన్యీ 1963లో సేఫ్టీ స్టీరింగ్ షాఫ్ట్‌కి పేటెంట్ తీసుకున్నారు. దెబ్బ తగిలితే అది నలిగిపోతుంది కానీ వెనక్కి పొడుచుకురాదు. పూర్తి రూపంలో కారులోకి రావడానికి 1976 దాకా పట్టింది.

ఇప్పుడు ఆ పలక సంగతి. మన ఊళ్లలో ఎత్తయిన ఎస్‌యూవీ కొంటే ముందు చేయించేది సైడ్ స్టెప్. నానమ్మ ఎక్కలేదు, పిల్లలు ఎక్కలేరు, చూడటానికీ బాగుంటుంది. అందులో తప్పేం లేదు. కానీ ఎలక్ట్రిక్ కారులో రెండు తలుపుల మధ్య నేలంతా బ్యాటరీయే. తలుపుల కింద పొడవుగా ఉండే దూలాన్ని సిల్ అంటారు. దాని బయటి అంచు నుంచి బ్యాటరీ పెట్టెకి ఉన్న దూరం ఒక జానెడు అటూ ఇటూ. కారు ముందు దొరికినంత చోటు పక్కన దొరకదు. అందుకే చాలా ఈవీల్లో సిల్ లోపల తేనెపట్టులాంటి గదులున్న అల్యూమినియం దూలం పెడతారు. అది నలిగి శక్తిని మింగుతుంది, మిగతా దెబ్బని సీట్ల కింది అడ్డ దూలాలు అవతలి వైపుకి మోస్తాయి. యూరో ఎన్‌క్యాప్ పోల్ టెస్ట్‌లో 254 మిల్లీమీటర్ల మందం ఉన్న స్తంభానికి కారుని పక్కగా, గంటకి 32 కిలోమీటర్ల వేగంతో కొట్టిస్తారు. 2 టన్నుల కారైతే దాదాపు 79 కిలోజూళ్లు. అంతా ఆ జానెడు చోటులోనే తేలాలి.

ఆ చోటులో మనం నాలుగు లావాటి ఇనుప బ్రాకెట్లు బిగిస్తే? బ్రాకెట్ ఒక కొస స్టెప్‌కి, ఇంకో కొస సిల్ కింద లోపలివైపుకి. స్తంభం ముందు స్టెప్‌ని తాకుతుంది. బ్రాకెట్ వంగకపోతే సిల్ నలగడం మొదలయ్యేలోపే ఆ కొస బ్యాటరీ పెట్టె వైపు నడుస్తుంది. పాత స్టీరింగ్ కడ్డీయే, ఈసారి గురి ఛాతీ కాదు, సెల్స్. ఒక సెల్ లోపల షార్ట్ అయితే వేడెక్కి పక్క సెల్‌ని అంటిస్తుంది, అది దాని పక్కదాన్ని.

దీనికి జవాబు బరేన్యీ పద్ధతిలోనే ఉంది. బ్రాకెట్ సిల్ కంటే బలహీనంగా ఉండాలి. కావాలనే ఒకచోట సన్నగా చేయాలి, దెబ్బ తగిలితే అక్కడ మడతపడి కిందికి దిగాలి, లోపలికి కాదు. బోల్టు రంధ్రం పొడవుగా ఉంటే బ్రాకెట్ జారి తప్పుకుంటుంది. అది పూర్తిగా మడతపడ్డాక కూడా బ్యాటరీకీ దానికీ మధ్య ఖాళీ మిగలాలి. బ్యాటరీని పట్టి ఉంచే బోల్టులకి దాన్ని తగిలించకూడదు, సిల్‌కి కొత్త రంధ్రాలు వేయకూడదు, నారింజ రంగు హై వోల్టేజ్ కేబుళ్ల దారిలోకి రాకూడదు. కార్ల కంపెనీలు ఈ చిన్న బ్రాకెట్ మీదే పేటెంట్లు తీసుకుంటున్నాయి. రోడ్డు పక్క యాక్సెసరీస్ షాపులో మాత్రం మన మొదటి ప్రశ్న ఎంత గట్టిగా ఉంటుంది అనే. ఇంట్లో ఈవీకి స్టెప్ వేయించే ఆలోచన ఉంటే, ఆ మోడల్‌కి కంపెనీ క్రాష్ టెస్ట్ చేసి ఇచ్చిన కిట్ ఉందా అని అడగండి. లేకపోతే నానమ్మకి చిన్న పీట కొనండి.

యాక్టివ్ సేఫ్టీ, పాసివ్ సేఫ్టీ అని మనం వాడే విభజనని 1960లలో స్థిరపరిచినవాళ్లలో బరేన్యీ ఒకరు. ప్రమాదం జరగకుండా చూసేది మొదటిది, జరిగినప్పుడు కాపాడేది రెండోది. 1970ల మొదట్లో రిటైర్ అయ్యేసరికి ఆయన పేరు మీద 2500 దాకా పేటెంట్లు ఉన్నాయి. 1994లో అమెరికాలోని ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు, అప్పటికి ఆయనకి 87.

1997 మే 30న, జిండెల్‌ఫింగెన్ పక్కనే ఉన్న బోబ్లింగెన్‌లో చనిపోయారు. ఆయన పాత కంపెనీ మెర్సిడెస్ ఏ-క్లాస్‌ని తెచ్చింది ఆ ఏడాదే. దానికి రెండు పొరల నేల ఉంటుంది, ముందు గుద్దుకుంటే ఇంజిన్ మనుషుల మీదకి రాకుండా దాని కిందికి జారుతుంది. ఆ రెండు పొరల మధ్య ఖాళీని మొదట అనుకున్నది బ్యాటరీల కోసం.