కొరాడినో దస్కానియో

కొరాడినో దస్కానియో (ఫిబ్రవరి 1, 1891 - ఆగష్టు 5, 1981) ఇటలీకి చెందిన వైమానిక ఇంజనీరు. వెస్పా స్కూటరు రూపకర్తగా ప్రపంచ ప్రసిద్ధుడు. అయితే ఈయన మనసంతా హెలికాప్టరు మీదనే ఉండేది.

బాల్యము, విద్య

దస్కానియో మధ్య ఇటలీలోని పోపొలి పట్టణంలో జన్మించాడు. పదిహేనేళ్ళ వయసులోనే పక్షుల బరువుకూ, రెక్కల విస్తీర్ణానికీ గల నిష్పత్తిని పరిశీలించి ఒక గ్లైడరును నిర్మించాడు. 1914లో టురిన్‌లో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పొందాడు.

హెలికాప్టరు

పియెత్రో త్రోయానితో కలిసి, ఒకదానిపై ఒకటి వ్యతిరేక దిశలలో తిరిగే రెండు రోటర్లు గల హెలికాప్టరును రూపొందించాడు. 1930 అక్టోబరులో రోమ్ వద్ద అది వేర్వేరు ప్రయత్నాలలో 18 మీటర్ల ఎత్తు, 1,078 మీటర్ల దూరం, 8 నిమిషాల 45 సెకన్ల కాలం ఎగిరి ప్రపంచ రికార్డులు నెలకొల్పింది. ఆ ఎత్తు మన కొబ్బరిచెట్టు ఎత్తును మించదు గాని, ఆనాటికి అది అసాధారణము. నిధుల కొరత వలన ఆ సంస్థ మూతపడింది. 1932లో ఈయన పియాజ్జియో సంస్థలో చేరి విమానాల ప్రొపెల్లర్లపై పనిచేశాడు.

వెస్పా

రెండవ ప్రపంచ యుద్ధంలో పొంతెదేరాలోని పియాజ్జియో విమాన కర్మాగారం బాంబు దాడులకు ధ్వంసమైంది. ఓడిన ఇటలీలో విమానాల తయారీకి అవకాశం లేదు. సామాన్యునికి కారు కొనే శక్తి లేదు. మొదట ఫెర్దినాందో ఇన్నొచెంతి స్కూటరు రూపకల్పనకై దస్కానియోను సంప్రదించినా, చట్రం విషయంలో వారికి పొత్తు కుదరలేదు. ఇన్నొచెంతి గొట్టాల చట్రం కోరగా, ఈయన రేకును అచ్చొత్తిన శరీరమే చట్రం కావాలన్నాడు. ఆ ఆలోచనను ఎన్రికో పియాజ్జియో స్వీకరించాడు. ఇన్నొచెంతి 1947లో లాంబ్రెట్టాను విడుదల చేశాడు.

దస్కానియోకు మోటారుసైకిళ్ళంటే అయిష్టం. గొలుసు నూనె బట్టలకంటుతుంది, పంక్చరైతే చక్రం ఊడదీయడం కష్టం. అందుచేత గొలుసు తీసివేసి, ఇంజనును వెనుక చక్రానికే జోడించాడు. విమానం ల్యాండింగు గేరు వలె ముందు చక్రాన్ని ఒకవైపు నుండే నిలిపాడు. గేర్లను హ్యాండిలు మీదికి తెచ్చాడు. కాలు ఎత్తి దాటనవసరం లేనందున గౌను ధరించిన స్త్రీలూ నడపగలిగారు. మన దేశంలో పంచెకట్టుకూ ఇదే అనువైనది. 98 సి.సి. ఇంజనుతో 1946లో 2,484 బండ్లు తయారు కాగా, 1956 నాటికి ఆ సంఖ్య పది లక్షలకు చేరింది. కందిరీగ అని అర్థమిచ్చే వెస్పా పేరు పెట్టినది ఎన్రికో పియాజ్జియో.

భారతదేశంలో బజాజ్ సంస్థ 1960 దశకంలో వెస్పాను తయారు చేసింది. 1980 దశకంలో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ వెస్పా పి.ఎల్.170ను తయారు చేసింది.

చివరి సంవత్సరాలు

ఈయన పీసా విశ్వవిద్యాలయంలో బోధించాడు. 1961లో పియాజ్జియోను వీడి, 1964లో అగుస్తా సంస్థలో చేరి, డెబ్బై దాటిన వయసులో మరల ఒక చిన్న హెలికాప్టరును రూపొందించాడు. పీసాలో మరణించాడు.