దామెర్ల రామారావు: ఇరవై ఎనిమిదేళ్లు నిండని జీవితం



రాజమండ్రి వెళ్లిన మన కోనసీమ కుర్రాళ్లు గోదావరి గట్టు చూస్తారు, సినిమా చూస్తారు, చీకటిపడకుండా రావులపాలెం బస్సెక్కేస్తారు. మొన్నటిదాకా నేనూ అంతే. కిందటేడు అక్కడ వాన పట్టుకుంటే, తల దాచుకోడానికి దామెర్ల రామారావు గారి చిత్రశాలలో దూరాను. వాన వెలిసినా నాకు బయటికి రాబుద్ధి కాలేదు. బి.యస్సీ. చదివే రైతుబిడ్డనైన నాకు బొమ్మల సంగతి ఏం తెలుసు? అయినా తెలుసుకున్నంత మీతో చెప్పుకోవాలనిపించింది.

రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. చిన్నప్పట్నుంచీ పుస్తకం కంటే బొమ్మ మీదే ధ్యాస. అప్పుడు రాజమండ్రి ఆర్ట్సు కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాలు. ఆయనా చిత్రకారుడే. అడివి బాపిరాజు గారు కూడా ఆయన శిష్యులే. ఈ కుర్రాడి చేతిలోని పనితనం చూసి, బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లేలా ప్రోత్సహించింది ఆ దొరగారే. మంచి గురువు దొరకడమంటే అదీ!

అప్పటి కళాశాలల్లో నేర్పేది ఎక్కువగా పాశ్చాత్య పద్ధతి. బెంగాల్లో అవనీంద్రనాథ్ ఠాగూరు, ఆయన శిష్యులు భారతీయ పద్ధతిని మళ్లీ నిలబెడుతున్నారు. రామారావు గారు మనిషి శరీరాన్ని చూసి గీసే విద్య బొంబాయిలో నేర్చుకున్నారు. అజంతా గీతల అందం మనసుకు పట్టించుకున్నారు. కానీ తన బొమ్మల్లోకి తెచ్చుకున్నది మాత్రం తెలుగువాళ్లనే. నంది పూజ, పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం లాంటి చిత్రాలు ఆయనకు పేరు తెచ్చాయి.

చదువయ్యాక ఆయన బొంబాయిలోనే ఉండిపోవచ్చు. ఉండలేదు. సొంతూరు తిరిగొచ్చి 1920ల మొదట్లో చిత్రకళాశాల పెట్టారు. మిత్రుడు వరదా వెంకటరత్నం గారు తోడు నిలిచారు. భార్య సత్యవాణి గారు కూడా చిత్రకారిణే. ఆడవాళ్లు కుంచె పట్టడం అరుదైన ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఇరవై ఎనిమిది నిండడానికి ఇంకా నెల ఉంది.

సైన్సు విద్యార్థిగా నా మనసు ఇక్కడే ఆగిపోయింది. జెన్నర్ మశూచి టీకా కనిపెట్టింది 1796లో. అంటే మందు పుట్టిన 129 ఏళ్లకు కూడా ఆ జబ్బుకు మనం ఇలాంటి మనిషిని పోగొట్టుకున్నాం! మన పల్లెల్లో దాన్ని అమ్మవారు పోయడం అనేవారు. మన దేశంలో చివరి కేసు 1975లో వచ్చింది. ప్రపంచమంతా మశూచి పోయిందని 1980లో ప్రకటించారు. మా నాన్నమ్మ చేతి మీది టీకా మచ్చ ఇప్పుడు చూస్తే నాకు వేరేగా కనిపిస్తుంది. కనిపెడితే చాలదు, మనిషి దాకా చేరాలి.

కళ కూడా అంతే. రామారావు గారు పోయాక ఆ పాఠశాల మూతపడకుండా నడిపినవారు వెంకటరత్నం గారు. ఆ స్నేహమే లేకపోతే ఆ బొమ్మలు నాదాకా చేరేవా?

సంక్రాంతి సెలవుల్లో మా నాన్నగార్ని చిత్రశాలకు తీసుకెళ్లాను. బొమ్మలు కూడు పెడతాయా అనే మనిషాయన. దింపు తీసే రోజు వదులుకుని వచ్చారు. నంది పూజ గురించి నేను చెబుతుంటే మాట్లాడకుండా విన్నారు. తిరుగు బస్సులో జొన్నాడ వంతెన దాటుతుండగా, పోయేనాటికి ఆయన వయసెంత అని అడిగారు. చెప్పాను. నీకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద, అంతేగా అన్నారు. తర్వాత అమలాపురం దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆ ఏడెనిమిదేళ్లలో నేనేం చెయ్యగలనో ఇంకా తెలీదు. ఈసారి రాజమండ్రి వెళ్తే మీరూ ఓ గంట అక్కడ ఆగండి. వాన కోసం చూడక్కర్లేదు.